మల్లెమొగ్గకి గుండు కొట్టిందెవరు?

చింతలదుర్గాన్ని ఏలే ఉద్దండరాయలికి ఏనుగులంటే భయం, గుర్రాలంటే చిరాకు, ఎలుకలంటే మాత్రం ప్రాణం. ఆయన దగ్గర రెండు పెంపుడు ఎలుకలు ఉండేవి. తెల్లదాని పేరు మల్లెమొగ్గ, నల్లదాని పేరు మిరియం. రెండింటికీ కలిపి ఒక వెండి బోను. దాని తాళంచెవి ఎప్పుడూ రాయలవారి మెడలోనే వేలాడేది. మేత పెట్టినా ఆయనే, బోను తుడిచినా ఆయనే.

ఒకరోజు ఆ బోను చంకన పెట్టుకుని ఆయన సభకి వచ్చాడు. ఏడ్చినట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చూడండయ్యా నా మల్లెమొగ్గని!"

అందరూ వంగి చూశారు. మల్లెమొగ్గ మెడ మీదా, వీపు మీదా బొచ్చంతా పోయి లేత గులాబీ రంగు చర్మం బయటపడింది. పక్కన మిరియం మాత్రం నిగనిగలాడుతూ పుచ్చగింజ కొరుకుతోంది.

"పురుగు పట్టిందన్నారు వైద్యులు. పసుపు రాశారు, వేపాకు పరిచారు. ఏం లాభం లేదు. దీన్ని ఇలా చేసిందెవరో ఇప్పుడే తేలాలి!"

దండనాయకుడు ఓబళరాజు ముందుకొచ్చాడు. ఆయనకి చెవులదాకా పాకిన మీసాలు, అంతకు రెండింతల గర్వం.

"ప్రభూ, ఇది రాలిన బొచ్చు కాదు, గొరిగిన బొచ్చు. కోటలో గొరగడం తెలిసినవాడు ఒక్కడే. మీ క్షౌరకుడు పోలయ్య!"

దండనాయకుడి తల నెరిసిందని పోలయ్య ఆమధ్య నలుగురిలో నోరు జారాడు. అప్పటినుంచీ ఓబళరాజుకి అతని పొడ గిట్టదు.

"ఎలుకతో నాకేం పని దొరా?" అన్నాడు పోలయ్య.

రాయలు వినే స్థితిలో లేడు. "పెళ్ళాంబిడ్డల్ని తీసుకుని ఈ పూటే ఊరు విడిచి పో!"

అప్పుడు పేరిందేవి లేచింది. ఆమె రాణివాసంలో కథలు చెబుతుంది. ఆమెతో మాటల్లో నెగ్గినవాళ్ళు కోటలో లేరు.

"ఒక్క మాట ప్రభూ. మల్లెమొగ్గని ఒకసారి ఇలా ఇప్పిస్తారా?"

రాయలు తాళం తీసి ఇచ్చాడు. పేరిందేవి ఎలుకని అరచేతిలో పెట్టుకుని, మిగిలిన బొచ్చు పాయలు తీసి చూసింది.

"పురుగు లేదు, పుండు లేదు, గోక్కున్న గీతైనా లేదు. ఓబళరాజుగారు అన్నది నిజమే. ఇది ఎవరో కత్తిరించిన బొచ్చే."

దండనాయకుడు మీసం దువ్వుకున్నాడు. పోలయ్య ఉన్నచోటే కూలబడ్డాడు.

"ఈ తాళంచెవి ఎప్పుడైనా ఎవరికైనా ఇచ్చారా ప్రభూ?"

"ప్రాణం పోయినా ఇవ్వను."

"అంటే మీరు తప్ప బోను తెరిచేవాళ్ళు లేరు."

రాయలి ముఖం జేవురించింది.

"నా ఎలుకకి నేనే గుండు కొట్టానంటావా?"

"ఎంతమాట! బోనులో ఉన్నది ఇద్దరు ప్రభూ. ఒకరికి గుండయింది. రెండోవారిని అడిగారా?"

అందరి చూపూ మిరియం మీద పడింది. అది గింజ తినడం ముగించి మూతి తుడుచుకుంటోంది.

ఓబళరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎలుక క్షౌరం చేస్తుందా? ఏదీ, నా మీసం గొరగమనండి! గొరిగితే పోలయ్య తప్పేమీ లేదని నేనే ఒప్పుకుంటాను."

"మాట మీద ఉంటారా?"

"ఓబళరాజు మాటంటే మాటే!"

పేరిందేవి మిరియాన్ని తీసి ఆయన భుజం మీద పెట్టింది. అది కాసేపు కదలలేదు. ఇది కిందికి దూకేస్తే పోలయ్య బతుకు వీధిపాలే.

మిరియం ఆయన చెవి వాసన చూసింది. మెల్లగా చెంప మీదికి జరిగింది. మీసం కొసని రెండు చేతులతో పట్టుకుంది. కటుక్కున కొరికింది.

"ప్రభూ! నా మీసం..."

"కదలకు! అది బెదురుతుంది!" రాయలు గద్దించాడు.

దండనాయకుడు రాయిలా నిలబడ్డాడు. మిరియం తాపీగా పని కానిచ్చింది. ఎడమవైపు మీసం ముక్కలుముక్కలుగా ఆయన రొమ్ము మీదికి రాలింది. సభ పడీపడీ నవ్వింది. రాయలికైతే నవ్వీనవ్వీ కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"దీనికెందుకే ఇంత కక్ష?" అన్నాడు పేరిందేవితో.

"కక్ష కాదు ప్రభూ, పెత్తనం. ఇరుకు బోనులో పొద్దుపోక, పక్కదాని బొచ్చు కొరికి తన పెద్దరికం చూపిస్తోంది. కొన్నాళ్ళు రెండింటినీ విడిగా ఉంచండి. విశాలమైన ఇల్లు కట్టించి, కొరుక్కోవడానికి కొయ్యముక్కలు వేయండి. మల్లెమొగ్గకి బొచ్చు మళ్ళీ వస్తుంది."

రాయలు తన చేతి కంకణం తీసి ఆమెకి ఇచ్చాడు. పోలయ్యని పిలిచి భుజం తట్టి, పట్టుబట్టలు పెట్టించాడు.

పోలయ్యకి పోయిన ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటు నోరూ లేచొచ్చింది. ఒంటిమీసంతో నిలబడ్డ దండనాయకుడి దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని వినయంగా అడిగాడు.

"రెండోవైపు నన్ను చెయ్యమంటారా దొరా, మిరియాన్నే కానిమ్మంటారా?"