శాస్త్రిగారి పెట్టెలో ప్లాస్టిక్ కప్పలు

మడుగుసీమను ఏలే నరహరిరాజుకి ఒకటే పిచ్చి, గాలం వేయడం. యుద్ధానికి రమ్మంటే పంచాంగం తిరగేసేవాడు, చెరువుకి రమ్మంటే చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరేవాడు.

ఒకనాడు ఓ ఓడవర్తకుడు ఆయనకి మూడొందల ప్లాస్టిక్ ఎరలు కానుకిచ్చాడు. మెత్తటి పురుగులు, కప్పలు, రొయ్యలు, తోకాడించే చేపపిల్లలు, రకానికో కవరులో. ఆ కాలంలో ప్లాస్టిక్ ఎక్కడిదని అడక్కండి. కథల్లో చిలక వేదాంతం చెబితే నోరెత్తకుండా విన్నారు కదా, దీనికీ సర్దుకోండి.

రాజు వాటన్నిటినీ కవర్లతోనే ఒక బుట్టలో కుప్పపోయించి చెరువు మీదికి తీసుకెళ్లాడు. ఎర్ర రొయ్య కావాలనుకున్నాడు. అది వెతికి తీసేసరికి చేప తన దారిన తను పోయింది. రాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేను తాంబూలం నమిలి ఉమ్మేలోపల అడిగిన ఎర నా చేతిలో ఉండాలి. అలా సర్ది దాచగలవాడెవడు?" అని నిండుసభలో అడిగాడు.

ఇద్దరు లేచారు. ఒకడు రాజుగారి పడవలో గాలాలు అందించే మైలపిల్లి ఎర్రయ్య. రెండోవాడు నగలపెట్టెల మీద అధికారి పేరిశాస్త్రి. ఈయన మడి ఎంతటిదంటే, వీధిలోకి వస్తే కుక్కలు కూడా అరుగెక్కి దారిచ్చేవి. చేప పేరు వింటేనే ఆయన స్నానానికి పోతాడు. కానీ పడవలో రాజు పక్కన కూర్చున్నవాడి మాటకి విలువెక్కువ. ఆ చోటు మీద శాస్త్రి కన్ను ఎప్పటినుంచో ఉంది. ప్లాస్టిక్ చేపకి మైల లేదని తనకి తనే శాస్త్రం చెప్పుకుని లేచాడు.

రాజు ఎరలు చెరిసగం పంచాడు. ఎండాకాలం పోయాక చూస్తానని, గెలిచినవాడు పడవెక్కుతాడని, ఓడినవాడు ఏనుగులశాలలో లద్దెలెత్తుతాడని తేల్చేశాడు.

మూడు తరాలుగా ఆ పడవే ఎర్రయ్య వాళ్ల బతుకు. పైగా వాడికి ఏనుగంటే చచ్చేంత భయం.

వాడు తన వాటాని వచ్చిన కవర్లలోంచి బయటికే తీయలేదు. ఏ రకానికి ఆ కవరే. తోకలు మడతపడకుండా లోపల సాపుగా సర్ది, కవరు అంచుకి చిల్లుపెట్టి, వెదురుబద్దకి వరుసగా గుచ్చాడు. పురుగులు ఈ చివర, కప్పలు ఆ చివర. దాన్ని ఎండ సోకని మూల వేలాడదీశాడు. చూసినవాళ్లు, అప్పడాల కొట్టు పెట్టావా అని నవ్వారు.

శాస్త్రి కవర్లన్నీ చింపి పారేశాడు. గంధపు పెట్టెలో పట్టుగుడ్డ పరిచి, పసుపు పురుగు పక్కన నల్ల కప్ప, దాని పక్కన ఎర్ర రొయ్య, ముగ్గు పెట్టినట్టు పేర్చాడు. ఎర్రయ్య ఉండబట్టలేక వెళ్లి, ఇవన్నీ ఒకచోట చేసినవి కావని, ఒకదానికొకటి పడవని, ఎడంగా ఉంచమని చెప్పబోయాడు.

"ముందు నువ్వు ఎడంగా ఉండు" అంటూ శాస్త్రి తలుపేసుకున్నాడు.

రెండు నెలలు గడిచాయి. చెరువుగట్టున పందిరి వేశారు, వెనక వంటలు. రాజు తాంబూలం బుగ్గన పెట్టుకుని, పచ్చ కప్ప అన్నాడు. ఆకు తడిసేలోపలే ఎర్రయ్య దాన్ని అరచేతిలో పెట్టాడు. కాళ్లు కాళ్లలాగే ఉన్నాయి, రంగు చెదరలేదు.

తరవాత శాస్త్రిని ఎర్ర రొయ్య అడిగాడు.

శాస్త్రి జంధ్యానికి కట్టుకున్న తాళంచెవితో పెట్టె తెరిచి, రెండు వేళ్లతో రొయ్యని పట్టి లాగాడు. రొయ్యతో కప్ప వచ్చింది. కప్పతో పురుగు వచ్చింది. చివరికి పట్టుగుడ్డతో సహా పెట్టెలో ఉన్నదంతా ఒకే ముద్దగా లేచి వచ్చింది. ఏది తలో ఏది తోకో బ్రహ్మక్కూడా తెలీదు.

శాస్త్రి వెంటనే వేలు ఎర్రయ్య వైపు తిప్పాడు. చేపలు పట్టే చేత్తో వీడు దొంగచాటుగా ముట్టుకున్నాడని, ఆ అంటు తగిలే ఎరలు ఇలా అయ్యాయని రాజుకి ఫిర్యాదు చేశాడు.

"ముట్టుకున్నావట్రా?" అన్నాడు రాజు. ఆ గొంతు వింటే ఎర్రయ్యకి కళ్లముందు ఏనుగులు కనబడ్డాయి. లేదంటే ఎవరు నమ్ముతారు? వాడు తల వంచుకున్నాడు.

"ముట్టుకున్నాను మారాజా."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని శాస్త్రి అనుకోలేదు. మొహం మతాబాలా వెలిగింది.

"ఇవాళ పొద్దున్నే మారాజా. బొమ్మిడాయిలు కడిగిన చేత్తోనే మూత తీసి, ఒక్కోదాన్నీ పిసికాను. ఆ పెట్టెనే శాస్త్రిగారు గుండెలకి హత్తుకుని ఇక్కడిదాకా తెచ్చారు" అన్నాడు ఎర్రయ్య.

శాస్త్రి పక్కనున్నవాళ్లు చటుక్కున నాలుగడుగులు జరిగారు. మైలపడినవాడికి మూడు రోజులు ఉపవాసమని రాజ్యంలో నియమం. ఆ నియమం పెట్టింది శాస్త్రే. పందిట్లో పులిహోర, బూరెలు వడ్డిస్తున్న వంటాయన ఈ మాట విని శాస్త్రి విస్తరి తీసి పక్కన పెట్టేశాడు.

బూరెల వాసన శాస్త్రి ముక్కుకి తగిలింది. ఇక ఆగలేకపోయాడు.

"అబద్ధం ప్రభూ. తాళంచెవి రెండు నెలలుగా నా ఒంటిమీదే ఉంది. వీడే కాదు, ఈగ కూడా ఈ పెట్టెని ముట్టుకోలేదు. గాయత్రి మీద ఒట్టు."

ఎర్రయ్య చేతులు కట్టుకున్నాడు.

"విన్నారుగా మారాజా, ఎవరూ ముట్టుకోలేదట. అయితే ఆ అంటు వాటిలో వాటిదే."

ఆ తరవాత నెమ్మదిగా విషయం చెప్పాడు. ఏ తయారీకి ఆ రసాయనమని, వేరే రకం ఆనుకుంటే ఒకదాన్నొకటి కరిగించి అంటుకుపోతాయని, అందుకే చేసినవాడు దేని కవరు దానికిచ్చాడని. శాస్త్రి ముద్దని చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వదుల్దామంటే అది వేళ్లకీ అంటుకుంది.

రాజు తన చేతి కడియం తీసి ఎర్రయ్యకి తొడిగాడు. పడవలో నీ చోటు నీదేనన్నాడు. శాస్త్రిని తీసుకెళ్లమని మావటివాణ్ణి పిలిచాడు. ఏనుగుల దగ్గరికి పోవడమంటే ఏమిటో ఎర్రయ్యకి తెలుసు. మనసొప్పలేదు.

"వద్దు మారాజా, ఆయన్నీ పడవెక్కించండి. కాకపోతే ఓ కవర్లో పెట్టి ఎక్కించండి. మా రకాలు వేరు కదా, ఆనుకుంటే ఇద్దరం కరిగిపోతాం."

రాజు పగలబడి నవ్వాడు. నోట్లో తాంబూలం ఆగలేదు. సగం చెరువులో పడింది, సగం గంధపు పెట్టెలో పడింది.