కొత్తవాడి గుడ్డ

సూరప్పడు గురువుగారు ప్రశ్న అడిగినవాడి మొహం చూడరు. వాడి చేతిలోని కర్రనే చూస్తూ జవాబు చెబుతారు. విజయనగరంలో ఆయన కర్రసాము నేర్పే తాలింఖానాలో ఒక ఆచారం ఉంది. కొత్తగా చేరినవాడి జబ్బకి పసుపు గుడ్డ కడతారు. నలభై రోజులపాటు వాడి ఒంటికి ఎవరి కర్రా తగలకూడదు. తగిలిందా, కొట్టినవాడు వారం రోజులు గుమ్మం బయటే.

మా గౌరీసు పదేళ్లుగా ఆయన శిష్యుడు. ఆ ఆదివారం పొద్దున్న కొత్తగా చేరిన ఆరుగురికి గుడ్డలు కట్టి, నేర్పే పని వాడికి అప్పగిస్తానని గురువుగారు ముందే చెప్పారు. అప్పటిదాకా ఆ పని నాది. వాడు పదేళ్లుగా ఎదురుచూసింది దానికోసమే. అలాంటి రోజునైనా నోరు మూసుకుని ఉండొచ్చుగా. ఉండలేదు.

వాడు ఫోన్లో యుద్ధాల ఆట ఆడతాడు. వేలమంది కోటలు కట్టుకుని, జట్లుగా చేరి కొట్టుకునే ఆట. వాడొక జట్టుకి నాయకుడు. కొత్తవాళ్ల కోట జోలికి వారం రోజులు పోకూడదని నాయకులందరూ పెట్టుకున్న కట్టుబాటు. గౌరీసు శనివారం దాన్ని కాలదన్నాడు. చేరి మూడు రోజులైనా కాని ఓ పిల్ల కోటని ముప్పైమందితో నేలమట్టం చేశాడు. “నేనేం చేశాను?” అని ఆ పిల్ల రాస్తే నవ్వే బొమ్మలు పంపారట. ఆ పిల్ల ఆట వదిలేసి పోయింది. ఆదివారం తాలింఖానాలో గురువుగారి ముందే అదంతా గొప్పగా చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

“యుద్ధంలో కొత్తేటి, పాతేటి గురువుగారూ? పాతోళ్లే కొత్త పేర్లెట్టుకుని దాక్కుంటన్నారు. ఆళ్లకి కాపుదల ఎందుకు?” అని అడిగాడు.

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. గురువుగారు అలవాటు తప్పి, సూటిగా వాడి మొహంలోకి చూశారు. ఆ పిల్ల పాతదా అని అడిగారు. కాదని ఒప్పుకున్నాడు గౌరీసు.

“నువ్వొచ్చిన రోజున కర్ర పట్టుకోడమే నీకు తెల్దు. నీ బుర్ర బద్దలుకొట్టలేనోడు ఆ రోజు ఈ గదిలో ఒక్కడైనా ఉన్నాడేట్రా?”

వాడు తల దించుకున్నాడు. ఆ రోజు వాడికి ఎదురు నిలబడింది నేనే. తగలకూడదని నా కర్రని వెనక్కి లాక్కుని లాక్కుని మణికట్టు వాచిపోయింది. అది వాడికీ గుర్తే.

ఆరుగురికీ గురువుగారే గుడ్డలు కట్టారు. తర్వాత ఇంకొకటి తెప్పించి గౌరీసు జబ్బకి కట్టి, ముడి గట్టిగా బిగించారు. పదేళ్ల శిష్యుడు ఆ వరసలో ఏడోవాడుగా నిలబడ్డాడు. వాడి మొహం మాడిపోయింది. నేను కర్ర తీసుకుని ముందుకి వచ్చాను. దాచడమెందుకు, ఆ పూట వాణ్ని చితక్కొట్టాలనే ఉంది నాకు.

గురువుగారు నా కర్రనే చూస్తూ అన్నారు:

“ఈడు ఇవాళే చేరాడు. ఒంటికి తగిలిందంటే ఊరుకోను.”