డప్పు ఆగేదాకా

అనగనగా కొండ వాలులో ఒక ఊరు. ఆ ఊళ్ళో అప్పయ్యమ్మ అని ఒకావిడ ఉండేది. దుప్పటి కప్పుకో కన్నా, ఆవిడ కథే చెప్తాను.

అప్పయ్యమ్మ రవికలు కుట్టేది. ఆ ఊళ్ళో ఏ పెళ్ళి పందిట్లో చూసినా ఆవిడ కుట్టిన రవికలే. పొద్దున మిషను ముందు కూర్చుంటే దీపాలు పెట్టేవేళకి లేచేది. అలా ఇరవై ఏళ్ళు కూర్చుంది. నడుం బిగుసుకుపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఒకరోజు అరికాల్లో సూది దిగితే, నేల మీద నెత్తురు చూసేదాకా ఆవిడకి తెలియనే లేదు.

అప్పుడు ఆవిడ మొగుడు సింహాద్రి భయపడి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ అన్నీ చూసి, షుగరు బాగా ముదిరిందని చెప్పింది. మందులు మానొద్దంది. ఉత్తకాళ్ళతో తిరగొద్దంది. రోజూ చెమట పట్టేదాకా ఒళ్ళు కదలాలంది. అశ్రద్ధ చేస్తే కాలికే ముప్పని మెల్లిగా చెప్పింది.

ఆ తర్వాత సింహాద్రి ఆవిడకి మెత్తటి బూట్లు కొనిచ్చాడు. అప్పయ్యమ్మ చీర కింద ఆ బూట్లు తొడుక్కుని రోడ్డెక్కింది. మొదటిరోజు అందరూ ఎక్కడికని అడిగారు. ఊరికే నడుస్తున్నానంటే నవ్వారు. రెండోరోజు, మేక తప్పిపోయిందా, వెతుకుతున్నావా అని అడిగారు. మూడోరోజు, నీ పెళ్ళాం అలిగి పుట్టింటికి పోతోందని ఎవరో సింహాద్రికి కబురు పెట్టారు. పాపం అతను సైకిలేసుకుని రొప్పుతూ వచ్చాడు. అప్పయ్యమ్మకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. మళ్ళీ రోడ్డు మొహం చూడలేదు.

కానీ కాలి సంగతి మనసులో ముల్లులా ఉంది కదా. అప్పుడు ఆవిడకి పెళ్ళికి ముందు ఆడిన కోలాటం గుర్తొచ్చింది. సింహాద్రి కోలలు చెక్కి ఇచ్చాడు. పెరట్లో ఒక్కతే మొదలుపెట్టింది. పది అడుగులకే ఊపిరాడక నూతి గట్టు మీద కూలబడింది. మర్నాడు పన్నెండు అడుగులు. ఆ మర్నాడు పదిహేను.

పక్కింటి పారమ్మ గోడ మీంచి చూసి, నా మెడనొప్పికి పనికొస్తుందా అంటూ వచ్చింది. ఆ తర్వాత కాన్పయ్యాక తేరుకోలేక నీరసపడ్డ పైడితల్లి వచ్చింది. ఆ తర్వాత పైడితల్లి అత్తగారు, కోడల్ని పిలుచుకుపోదామని వచ్చి, తనే ఉండిపోయింది. రెండు నెలల్లో పన్నెండు మందయ్యారు. పెరడు చాలలేదు. ఒకరి కోల ఇంకొకరి మోచేతికి తగిలేది. కోళ్ళు బెదిరి గుడ్లు పెట్టడం మానేశాయి.

అప్పుడు అప్పయ్యమ్మ సర్పంచి దగ్గరికి వెళ్ళింది. బడి పక్క మైదానం పొద్దున్నే ఒక్క గంట ఇమ్మని అడిగింది. అక్కడ మగపిల్లలు వాలీబాల్ ఆడుకునేవారు. సర్పంచి ఆవిడ బూట్ల వంక చూసి నవ్వాడు. ఇదంతా నాలుగు రోజుల ముచ్చటన్నాడు. ఆదివారం పొద్దున్న మా డప్పులవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కొడతారు, డప్పు ఆగేదాకా మీరు ఆగకుండా ఆడితే మైదానం మీది, లేకపోతే మళ్ళీ అడగొద్దు అన్నాడు.

ఆ మాట విని సింహాద్రి, ఊరందరి ముందు ఎందుకు, వదిలేద్దామా అన్నాడు.

"కాలు పోద్దని బయపడ్డాను బావా," అంది అప్పయ్యమ్మ. "దాని ముందు ఇదేపాటి బయం?"

ఆదివారం వచ్చింది. ఊరు ఊరంతా వచ్చింది. పన్నెండు మందీ గుండ్రంగా నిలబడ్డారు.

మొదట ఒక కుర్రవాడు డప్పందుకున్నాడు. వాడు జోరుగా కొట్టాడు. అరగంటకి వాడి వేళ్ళు బొబ్బలెక్కాయి. వీళ్ళు ఆగలేదు.

అప్పుడు వాడి అన్న అందుకున్నాడు. వాడు జిత్తులమారి. చెప్పాపెట్టకుండా దరువు మార్చేసేవాడు. కోలలు ఒకదానికొకటి తప్పాయి. పైడితల్లి తూలింది. అప్పయ్యమ్మ గొంతెత్తి అడుగులు లెక్కపెట్టింది. ఆ లెక్క పట్టుకుని అందరూ మళ్ళీ కలిశారు. చివరికి వాడి భుజం పట్టేసింది. వీళ్ళు ఆగలేదు.

ఆ తర్వాత వాళ్ళ తాత తవిటయ్య లేచాడు. ఆయన ఊరికి పెద్ద డప్పుగాడు. నెమ్మదిగా కొట్టాడు. నెమ్మది దరువే కష్టం కన్నా, మళ్ళీ దెబ్బ పడేదాకా ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచాలి. అప్పయ్యమ్మ తొడలు వణికాయి. చెమట కళ్ళలోకి దిగి మంటెత్తింది. ఇంకా ఎంతసేపని ఆవిడ అనుకోలేదు. ఈ అడుగు వేస్తే చాలు అనుకుంది. అది వేశాక, ఇంకొక్కటి అనుకుంది. పక్కన పారమ్మ ఊపిరి వినిపిస్తోంది. ఎదురుగా పైడితల్లి పళ్ళ బిగువున ఆడుతోంది. ఒక్కరూ వరస తప్పలేదు.

ఉన్నట్టుండి డప్పాగింది. తవిటయ్య మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా కింద కూర్చున్నాడు.

"సేతులింకా ఆడతాయి తల్లీ, కాళ్ళే నిలబడటం లేదు. రేపు పొద్దున్న నన్నూ రానిత్తారా?" అన్నాడు.

ఊరంతా చూస్తోంది. అప్పయ్యమ్మ వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని లేవదీసింది.

"రా మావా," అంది. "డప్పు ఇంటికాడ వదిలేసి, కోలలట్టుకుని రా."

సర్పంచి తనే వెళ్ళి వాలీబాల్ వల ఒక పక్కకి జరిపించాడు.

అప్పుడు పన్నెండు మందీ కోలలు భుజాన వేసుకుని, ఊరి నడివీధి గుండా ఇళ్ళకి నడిచారు. జుట్టు రేగిపోయి, చీరలు తడిసిపోయి ఉన్నాయి. ఎవరూ చెమట తుడుచుకోలేదు. అందరికన్నా ముందు అప్పయ్యమ్మ, తల ఎత్తుకుని, ఆ మెత్తటి బూట్లతోనే.

కోలలు మూలకు చేరాయి,
కాళ్ళు మంచం కోరాయి.
కథ కంచి బాట నడిచింది,
మనల్ని పక్క పిలిచింది.