ఆ వెదుళ్ళు ఎవరివి?

ఎవరి సొమ్మో రాయకుండా ఒకరిమీద దొంగతనం మోపవచ్చా, పిల్లలూ?

బుట్టలల్లే సింగన్న అడవిలో వెదుళ్ళు దొంగిలించాడని కోట అధికారి తాటాకు మీద నేరం రాసి చదివాడు. శిక్ష, చెయ్యి నరకడం.

“ఎవరి వెదుళ్ళో రాయలేదు దొరా,” అన్నాడు సింగన్న.

“కోటవేరా! అడవంతా కోటదే.”

“అదే రాయండి. నిరుడు ఆ అడవిలో పులి తిరుగుతోందని మొరపెట్టుకుంటే, అడవి మాది కాదు పొమ్మని మీరే ఆకు రాసిచ్చారు. ఇదిగో. మర్నాడే ఆ పులి నా పెళ్ళాన్ని ఎత్తుకుపోయింది. ఇప్పుడు అడవి కోటదైతే ఆ చావూ కోటదే.”

అధికారి ఆ మాట రాయకుండానే గంటం కింద పెట్టేశాడు. సొంతదారే లేని సొమ్ముకు దొంగ ఎక్కడ? సింగన్నను వదిలేశారు.

“అయితే గెలిచాడా అమ్మమ్మా?”

“చెయ్యి మిగిలింది నాన్నా. ఆ చేత్తోనే తనొక్కడికీ ఇంత వండుకున్నాడు. పులి ఇంకా ఆ అడవిలోనే ఉంది. ఇక నన్ను లేవనీ, సగం చెరిగిన బియ్యం చేటలోనే ఉన్నాయి.”