జంబయ్య చెప్పిన ఏడో అల

సరుగుడు తోపు దాటితే ఇసుక దిబ్బ, దిబ్బ దిగితే గుర్రపురాయి. ఆ బండ గుర్రం మెడలా ముందుకి సాగి, సముద్రం మీదకి వంగి ఉండేది. కార్తీక అమావాస్య దగ్గరపడిందంటే చాలు, అక్కడ తాటిచెట్టంత అలలు లేచేవి. వాటిని చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ల మేకలు, గొర్రెలు, దూడలు, ఆఖరికి ఒళ్లొంచని పందులు కూడా దిబ్బ మీద చేరేవి.

చూసి ఇంటికి పోతే ఏ గొడవా లేదు. కానీ వాటిలో ఒక ఆచారం ఉండేది. బండ కొసన నిలబడి, తుంపర నెత్తిన పడి, కొమ్ముల మీద ఉప్పు తెల్లగా కట్టేదాకా కదలనివాళ్లని ‘ఉప్పుకొమ్ము’ అనేవారు. ఇసుకలో తవ్విన చెలమ దగ్గర మంచినీళ్లు ముందు తాగే హక్కు వాళ్లదే. గుక్కెడు నీళ్ల కోసం ప్రాణాల మీదకి తెచ్చుకుంటారా అని మీరడగొచ్చు. నీళ్ల కోసం కాదండీ, పదిమందీ చూస్తుండగా ముందు తాగడం కోసం.

మేకల మందలో పెద్దది దేముడమ్మ. ఆమెది మహా అనుమానం. చెలమలో నీళ్లు మూడుసార్లు వాసన చూసి, తనకంటే ముందు తాగినవాళ్లు ఇంకా నిలబడే ఉన్నారని రూఢి చేసుకుని, అప్పుడు మూతి పెట్టేది. అలాంటి ఆమెకి రెండేళ్లుగా ఒకటే అనుమానం, జంబయ్య మీద.

జంబయ్య నక్క. ఎక్కణ్ణించి వచ్చాడో ఎవరికీ తెలీదు. వచ్చినవాడు దిబ్బ మీద కళ్లు మూసుకుని మూడు రోజులు కూర్చున్నాడు. నాలుగో రోజున కళ్లు తెరిచి, తనకి అలల లెక్క పట్టుబడిందన్నాడు. ఆరు అలలు మామూలువనీ, ఏడోది ప్రాణం తీసేదనీ చెప్పాడు. “నేను ఒక ఊళ వేస్తే నిలబడండి. రెండు ఊళలు వేస్తే వెనక్కి వచ్చెయ్యండి. మీ ప్రాణానికి నా గొంతు పూచీ,” అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆనాటి నుంచి వాడు గురువుగారయ్యాడు.

గురువుగారు వచ్చాక మొదటి ఏడు రెండు పొట్టేళ్లు అలకి పోయాయి. పోయిన ఏడు కార్తీక అమావాస్యకి బంగారి పోయాడు. బంగారి అంటే గొర్రెల మందలోకెల్లా బలమైన పొట్టేలు, అచ్చియ్యమ్మ పెనిమిటి. జంబయ్య రెండు ఊళలు వేశాడట, గాలికి కొట్టుకుపోయి బంగారికి వినబడలేదట. ఆ మాట చెప్పి జంబయ్య ఏడ్చిన ఏడుపుకి అచ్చియ్యమ్మే వాణ్ణి ఓదార్చాల్సి వచ్చింది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా!

దేముడమ్మ మాత్రం ఏడవలేదు. ఆమె వాడి పొట్ట చూసింది. అంత దుఃఖంలోనూ పొట్ట బిగుతుగా ఉంది.

మళ్లీ కార్తీక అమావాస్య వచ్చింది. పొద్దున్నే దేముడమ్మ కూతురు మంగి కొమ్ములు సరుగుడు మానుకి రుద్దుకుంటోంది.

“ఏటే ఆ ముస్తాబు?”

“ఈయేల నాను బండ కొసకి ఎల్తానమ్మా.”

“బంగారి మావ కూడా ఇలాగే ఎల్లినాడు.”

“బంగారి మావ గురువుగారి ఊళ వినుకోనేదు. అందుకే పోనాడు. అందరూ అదే సెప్తన్నారు.”

“అందరికీ ఎవులు సెప్పినారు?”

“గురువుగారు.”

“మరదే.”

మంగికి ఒళ్లు మండింది. “నీకు నీ నీడ మీద కూడా అనుమానమేనే అమ్మా!”

“నీడ మద్దినేల నా కాళ్ల కిందకి దూరిపోతాది. దాన్నెలా నమ్మమంటావ్?”

మంగి నవ్వలేదు. సముద్రం వైపు తిరిగి నెమ్మదిగా అంది: “ఆ కెరటం లెగిసినప్పుడు నా గుండెలో కూడా ఏటో లెగుస్తాదమ్మా. నువ్వు కట్టీసినా తాడు తెంపుకుని ఎల్తాను.”

దేముడమ్మకి తెలిసిపోయింది. ఈ పిల్లని ఆపడం తన వల్ల కాదు. ఆపినా జంబయ్య ఇంకొకరి పిల్లని పంపుతాడు. ఇక చేయవలసింది ఏదైనా ఉంటే మధ్యాహ్నం సముద్రం పోటెక్కేలోపే చేయాలి.

ఆమె మందని వదిలి, ఎవరికీ కనబడకుండా దిబ్బ చుట్టూ తిరిగి, గుర్రపురాయి వెనక ఉన్న గొందిలోకి దిగింది. అది రెండు బండల మధ్య ఇరుకు సందు. ముందున్న పెద్ద బండ దెబ్బంతా కాసుకునేది కాబట్టి అక్కడ నీళ్లు మోకాలు దాటి వచ్చేవి కావు. గొంది నిండా ఇసుక పీతల బొరియలు. ఆ వేళ ఒక్క బొరియా తెరిచి లేదు. అన్నిటికీ ఇసుక కప్పేసి ఉంది.

దేముడమ్మ ఒక బొరియ మీద గిట్టతో తట్టింది. ఇసుక కదిలి, కాడ చివరన ఒక కన్ను బయటికి వచ్చింది. అది సన్నాసి అనే ముసలి పీత.

“ఎవులది?”

“నానే తాతా, దేముడమ్మని.”

“ఒక్కదానివేనా? ఎనకాల ఎవులైనా ఉన్నారా?”

“నాకూ అదే అనుమానవొచ్చి, మూడుసార్లు ఎనక్కి సూసుకుని మరీ వచ్చినాను.”

ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి గౌరవం కలిగింది. రెండో కన్ను కూడా బయటికి వచ్చింది.

“ఏటి తాతా, అందరూ తలుపులేసుకున్నారు?”

“పెద్ద కెరటం వొచ్చే రోజున ఇసకలో అదురు మాకు ముందే తెలుస్తాది. ఎప్పుడూ బండకి ముందున్న మావోలు తలుపులేసుకుంటారు, గొందిలోవోలం తెరుచుకునుంటాం. ఈయేల తిరగబడ్డాది. గాలి దచ్చినానికి మారినాది కదా. పెద్దది ఈ గొందిలోకే వొచ్చి తగులుతాది.”

“ఏడోదేనా?”

“కెరటాలకి లెక్కలేటే పిచ్చిదానా! మూడోదైనా అవ్వచ్చు, పదమూడోదైనా అవ్వచ్చు. పుట్టినకాణ్ణించీ ఇక్కడే ఉన్నాను, నాకే తెల్దు.”

“మరి జంబయ్యకి?”

సన్నాసి కళ్లు రెండూ బండ చీలిక వైపు తిరిగాయి. దేముడమ్మ అక్కడికి వెళ్లి తొంగి చూసింది. చీలిక లోపల నమిలిన ఎముకలు, వాటి మధ్య మూడు మెడగంటలు. పైనున్న గంట బంగారిది. దాని తోలుపట్టీ మీద పళ్ల గాట్లు ఉన్నాయి.

“అలకి పోయినోలు తేలేది ఇక్కడే. మీ గురువుగోరు ఇక్కడే కూకుని బోంచేస్తాడు,” అన్నాడు సన్నాసి.

“ఇన్నాళ్లూ ఎందుకు సెప్పనేదు తాతా?”

“నన్నెవులడిగినారు? అయినా ఒడ్డెక్కి సెప్పడానికొస్తే ముందు నన్ను తింటాడు కదా.”

గంటలు తీద్దామని దేముడమ్మ మూతి పెట్టింది, కొమ్ములు పెట్టింది. చీలిక ఇరుకు, అందలేదు. ఉత్త చేతులతో వెళ్లి చెబితే దేముడమ్మకి మళ్లీ అనుమానం మొదలైందని నవ్వుతారు. ఆమె అక్కడే నిలబడి, నోట్లో ఏమీ లేకపోయినా నెమరేస్తూ ఆలోచించింది.

మధ్యాహ్నానికి దిబ్బ కిటకిటలాడింది. జంబయ్య ఎత్తు మీద కూర్చుని వచ్చినవాళ్లందరికీ తల వంచి దండాలు పెడుతున్నాడు. అతి వినయం ధూర్త లక్షణమన్న మాట దేముడమ్మకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

“రండి దేముడమ్మ వదినా,” అన్నాడు జంబయ్య. వాడు ఊళ్లో మాట మాట్లాడడు, ఎప్పుడూ పుస్తకం మాటే. “ఈరోజు కొసన నిలబడేది మీ మంగేనట. ఆ పిల్ల ధైర్యం చూస్తే నాకు కడుపు నిండిపోతోంది.”

“నిండుతాది బావూ, నిండుతాది. నాకొక్క అనుమానం.”

“ఒక్కటేనా!” అని మేకలన్నీ నవ్వాయి.

“పోయిన అమాసకి నువ్వు రెండు ఊళలూ ఏసినావు. గాలికి కొట్టుకుపోయి బంగారికి వినబడనేదు. అంతేనా?”

“అంతే వదినా. నా దురదృష్టం. ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగడం లేదు.”

“అయ్యో. మరి ఈయేల గాలి అంతకన్నా గట్టిగా ఉన్నాది. దిబ్బ మీంచి ఊళేస్తే నా పిల్లకేటి వినబడతాది? బండ పక్కనే గొంది ఉన్నాది. అందులో నిలబడి ఊళేస్తే సెవిలో ఏసినట్టుంటాది.”

జంబయ్య కళ్లు చిన్నవయ్యాయి. ఈ ముసల్ది గొంది పేరెందుకు ఎత్తింది? దేముడమ్మ మొహంలోకి చూశాడు. ఆమె తాపీగా నెమరేస్తోంది. నెమరేసే మేక మొహంలో ఏం కనబడుతుంది!

“దిబ్బ మీదనుంచైతే అలలు బాగా కనబడతాయి వదినా. లెక్క తప్పకుండా...”

“కళ్లు మూసుకుని లెక్కెట్టినోడివి, నీకు కనబడ్డమెందుకు బావూ?”

వాడు ఇంకేదో అనబోయేలోగా అచ్చియ్యమ్మ ముందుకి వచ్చింది. “అవును బావూ. ఆవేల నువ్వు గొందిలో ఉండుంటే నా పెనిమిటి బతికీవోడు.”

దాంతో మందంతా “అవునవును, గొందిలోకి, గొందిలోకి!” అని అరిచింది. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. పైగా ఆలోచించినకొద్దీ జంబయ్యకి ఇదీ బాగానే ఉందనిపించింది. ఊరకుక్కలు పసిగట్టకముందే మేకపిల్ల సరాసరి తన కాళ్ల దగ్గరికే కొట్టుకొస్తుంది. మెత్తని మాంసం కూడాను. ఈ రోజు నక్కతోక తొక్కానని లోపల్లోపల నవ్వుకున్నాడు, సొంత తోక ఊపుకుంటూ.

వాడు గొందిలోకి దిగాడు. కాళ్ల కింద బొరియలన్నీ మూసి ఉన్నాయి. పీతల్ని తినడమే గానీ, అవి ఏం చేస్తున్నాయో వాడెప్పుడూ చూసిన పాపాన పోలేదు.

మంగి బండ ఎక్కింది. వెనకే దేముడమ్మ కూడా ఎక్కడం చూసి దిబ్బ మీద అందరూ నోళ్లు తెరిచారు.

“నువ్వెందుకమ్మా?”

“నీ మీద అనుమానం.”

నిజానికి ఆమెకి సన్నాసి మీదా అనుమానమే. గొంది నుంచి వస్తూ బండకి ముందువైపు బొరియలు తెరిచే ఉన్నాయని కళ్లారా చూసింది, అయినా పీత మాట మీద కన్నకూతుర్ని ఒంటరిగా నిలబెట్టేంత నమ్మకం ఆమెకి ఎవరి మీదా లేదు.

గొందిలోంచి ఒక ఊళ వినబడింది. నిలబడమని.

మొదటి అల లేచింది. దేముడమ్మ ఇన్నేళ్లలో ఎప్పుడూ దిబ్బ దిగి చూడలేదు. పచ్చటి నీళ్ల గోడ పైపైకి లేచి, ఎండ దానిలోంచి కనబడి, బండ ముందు విరిగి, చల్లటి తుంపర మొహాన కొట్టింది. రెండోది ఇంకా పెద్దది. ఆమె కాళ్లు వాటంతటవే ఒక అడుగు ముందుకి వేశాయి. మూడోదానికి ఇంకో అడుగు. ఎంత బాగుంది! ఇంత బాగుంటుందని ఎవరైనా చెబితే నమ్మేది కాదు. అప్పుడు ఆమెకి జంబయ్య మీద కన్నా తన కాళ్ల మీద ఎక్కువ అనుమానం వచ్చింది. గిట్టలు బండకి అదిమిపట్టి, బలవంతాన తల పక్కకి తిప్పి, గొంది వైపు చూసింది.

గొంది మొగదల నీళ్లు వెనక్కి పోతున్నాయి. ఎన్నడూ బయటపడని నల్లరాళ్లు బయటపడుతున్నాయి.

“పదవే!”

“గురువుగారు ఇంకా పిలవనేదమ్మా! నాలుగోదేగా!”

దేముడమ్మ తల వంచి కూతురి డొక్కలో ఒక్క కుమ్ము కుమ్మింది. మంగి తూలి వెనక్కి పడింది. తల్లి రెండో కుమ్ముకి లేచి పరుగు తీసింది. బండ దిగేదాకా ఆ తల్లి కొమ్ములు ఆ పిల్ల వీపుని వదల్లేదు. వెనక గొందిలోంచి జంబయ్య ఇంకా కేక వేస్తున్నాడు, ఒకటే ఊళ, పొడుగ్గా, నిలబడమని, నిలబడమని.

ఊళ మధ్యలో తెగిపోయింది.

దక్షిణం నుంచి వచ్చిన అల బండని పక్కనుంచి తోసుకుంటూ గొందిలో దూరింది. ఇరుకు సందులో పైకి లేచి, ఆ చివర నుంచి ఈ చివరకి ఉరికి, లోపలున్నదంతా తెచ్చి దిబ్బ కింద కక్కేసింది. నాచు, ఎముకలు, చచ్చిన చేపలు, వాటి మధ్య తడిసి సగమైపోయిన జంబయ్య. వాడి చుట్టూ మూడు గంటలు దొర్లుకుంటూ వచ్చి ఆగాయి. ఆగుతూ ఒక గంట మోగింది.

అచ్చియ్యమ్మ ఆ చప్పుడు ఎరుగును. దిబ్బ దిగి వెళ్లి గంటని వాసన చూసింది. తోలుపట్టీని చూసింది. పట్టీ మీద పళ్ల గాట్లు చూసింది. తర్వాత దగ్గుతున్న జంబయ్య నోట్లో పళ్లు చూసింది. ఎవరూ ఏమీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

“లెక్క... లెక్క తప్పింది...” అన్నాడు జంబయ్య.

“లెక్క నాకొద్దు బావూ,” అంది అచ్చియ్యమ్మ. “ఆవేల నా పెనిమిటికి వినబడనేదన్నావు కదా, ఆ రెండో ఊళ. ఒక్కపాలి ఎయ్యి. నాను వింటాను.”

పొట్టేళ్లు చుట్టూ దగ్గరికి జరిగాయి. ప్రాణభయంతో జంబయ్య నోరు తెరిచాడు. గొంతులోంచి ఊళ రాలేదు. బుడబుడమంటూ ఉప్పునీళ్లు వచ్చాయి.

నీతి: నిలబడమని కేకేసేవాడు తానెక్కడ నిలబడ్డాడో చూసుకుని గానీ అడుగు ముందుకి వేయకు.