భయాన్ని జోకొట్టే మందు

అనగనగా, మరీ అంత పాత కాలమేం కాదులే, పలాసలో హైమ అనే ఆరేళ్ళ పిల్ల ఉండేదమ్మా. నోరు మూసిందంటే ఒట్టు, అన్నీ ప్రశ్నలే!

ఆ పిల్లకి గొంతులో టాన్సిల్స్ వాచిపోయాయి. పడుకుంటే చాలు, ఊపిరి ఆగి ఆగి వచ్చేది. వాళ్ళమ్మ దమయంతి కునుకైనా తీయకుండా పక్కనే కూర్చునేది. చివరికి డాక్టర్లు ఆపరేషన్ చేయాలన్నారు.

అప్పుడు శ్రీకాకుళంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. పొద్దున్నించీ ఏమీ తిననివ్వలేదు. ఆ తర్వాత వదులు గౌను తొడిగారు. ఆ తర్వాత, ఆపరేషన్ గది తలుపు దాకానే అమ్మ వస్తుందన్నారు. అంతే! హైమ అమ్మ కొంగు గుప్పిట్లో బిగించేసింది.

నర్సు బుజ్జగించింది, వదల్లేదు. నాన్న బొమ్మ కొంటానన్నాడు, వదల్లేదు. అప్పుడు మత్తు డాక్టరమ్మ వచ్చి దాని ఎదురుగా నేల మీదే కూర్చుంది. చేతిలో సూది లేదు, చిన్న గిన్నెలో ఎర్రటి మందుంది.

"ఇదేంటి?" అంది హైమ.

"భయాన్ని జోకొట్టే మందు."

"తాగితే ఏమవుతుంది?"

"కళ్ళు బరువెక్కుతాయి, ఊరికే నవ్వొస్తుంది. లోపలికెళ్ళాక అసలు మత్తు ఇస్తాను, అప్పుడు నిద్రపోతావు."

"మరి కోస్తే తెలుస్తుందా?"

"తెలీదు. నువ్వు లేచేదాకా నీ పక్కనించి కదలను. లేచాక మాత్రం గొంతు నొప్పి పెడుతుంది, అబద్ధం చెప్పను."

ఆ చివరి మాటకే హైమకి నమ్మకం కుదిరింది. గుటుక్కున తాగేసింది. ముందు తియ్యగా ఉంది, వెనకాలే చేదు. మొహం చిట్లించింది.

కాసేపటికి హైమకి అమ్మ మొహం మీద రెండు ముక్కులు కనిపించాయి. ఆ తర్వాత గోడ మీద గడియారం ఈత కొట్టింది. ఆ తర్వాత చేతిలో కొంగు దానంతటదే జారిపోయింది. హైమ కిలకిలా నవ్వుతూనే లోపలికెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. దమయంతి అక్కడే గోడకి చేరబడిపోయింది.

హైమ కళ్ళు తెరిచేసరికి ఆపరేషన్ అయిపోయింది. డాక్టరమ్మ చెప్పినట్టే గొంతు మండుతోంది. ఊపిరి మాత్రం ఎక్కడా ఆగకుండా, హాయిగా వస్తోంది. అమ్మ కళ్ళేమో ఉబ్బిపోయి ఉన్నాయి.

"అమ్మా," అంది గొంతు పెగుల్చుకుని, "నీకా మందు ఇవ్వలేదా?"

"అమ్మలకి ఇవ్వరే తల్లీ," అంది దమయంతి. "నువ్వు కళ్ళు తెరిచావుగా, నాకదే మందు."

కథేమో కంచి బండెక్కింది,
కునుకేమో కళ్ళ గడపెక్కింది.