చూపులమ్మ మెట్ట

ఉత్తరాంధ్ర తీరాన, తంపర అని పిలిచే చిత్తడి నేలల నడుమ ఒక చిన్న మెట్ట మీద శ్రీ చూపులమ్మ తల్లి వెలసి ఉన్నది. అమ్మవారి శిల తూర్పుకు కాక, పడమట నీళ్లవైపు తిరిగి ఉండడం చూసి కొత్త భక్తులు ఆశ్చర్యపడుతుంటారు.

పూర్వం ఇక్కడ వలలు వేసుకుని, కొద్దిపాటి వరి పండించుకుని బతికేవారి పల్లె ఉండేది. ధాన్యం ఇళ్లకు చేరాక దోపిడీమూకలు వచ్చిపడేవి. ఒక ఏడు మాఘమాసం చివర, మగవాళ్లు చాలామంది సముద్రం మీదికి పోయిన సమయంలో, అసిరమ్మ అనే ఇల్లాలికి తెల్లవారుజామున కల వచ్చింది. తల్లి ముసలమ్మ రూపంలో కనబడి, "ఈ పొద్దు మెట్టెక్కి కూకో. పొద్దుగూకేదాకా పిట్టల మీంచి సూపు తియ్యకు" అని మాయమైంది.

అసిరమ్మ మంచులోనే మెట్టెక్కింది. మంచు విడిచాక నీటినిండా బాతులు, తుమ్మచెట్ల నిండా కొంగల గూళ్లు కనబడ్డాయి. మధ్యాహ్నం బాతులన్నీ ఒక్క పెట్టున లేచాయి. అసిరమ్మ లేచి నిలబడి, "దొంగలొచ్చేత్తన్నారు!" అని కేక పెట్టింది. ఊరు ఊరంతా బిడ్డలతో పరుగెత్తి వచ్చింది. తీరా చూస్తే నీటిమీద తిరుగుతున్నది ఒక గద్ద. బాతులు మళ్లీ వాలిపోయాయి.

ఊరిపెద్ద సత్తెనాయుడు మండిపడ్డాడు. "మళ్లీ ఇలా అరిసావంటే ఊర్లో ఉండవు, అసిరీ!"

ఆమె తలవంచుకుంది గానీ మెట్ట దిగలేదు.

పొద్దు వాలుతుండగా పడమటి రెల్లుపొదల దగ్గరి బాతులు ఎగరకుండా, అరవకుండా, మెల్లగా ఇవతలికి ఈదుకొచ్చేశాయి. మేత తెచ్చిన కొంగలు గూళ్లమీద గిరికీలు కొడుతున్నాయే గాని వాలడం లేదు. పిల్లలు నోళ్లు తెరుచుకుని అరుస్తున్నాయి. పైన గద్ద లేదు. ఆ పొదల్లో, చెట్ల కింద దొంగలు నక్కి ఉన్నారని అసిరమ్మకు తెలిసిపోయింది. అరిస్తే పొదల్లోవాళ్లు వింటారు. ఊరుకుంటే ఊరు దక్కదు. గట్టుమీద పోతున్న నాయుణ్ణి చేయూపి పిలిచింది.

"కోపం తరవాత, నాయుడుబాబూ. ముందు ఇలా కూకుని సూడు. ఏ తల్లైనా ఆకలేసిన బిడ్డకాడికి రాకుండా ఉంటాదా?"

నాయుడు కూర్చున్నాడు. చూస్తూ చూస్తూ సంగతి గ్రహించి, ఊరిని తప్పించడానికి లేచాడు.

"నువ్వూ వచ్చీయే, తల్లీ."

"నాను లేత్తే సూసేదెవరు? అమ్మ పొద్దుగూకేదాకా అంది. మీరెళ్లిపోండి."

దొంగలకు అనుమానం రాకుండా, ఒక్క పొయ్యి ఆర్పకుండా, ఒక్క తలుపు మూయకుండా ఊరు తూర్పున సరుగుడు తోటల్లోకి జారుకుంది. చీకటి పడగానే మూక వచ్చింది. మనుషులు లేని ఇళ్లు దోచి, తగలబెట్టి పోయింది.

మర్నాడు పొద్దున్నే నాయుడు ఏడుస్తూ మెట్టెక్కాడు. అసిరమ్మ ఒక రాతికి ఆనుకుని, ఎర్రబడ్డ కళ్లతో నీళ్లవైపే చూస్తోంది.

"కొంగలు దిగాయి, బాబూ. పిల్లలు మేత తిన్నాయి," అంది.

ఆమెను లేవదీస్తే, వెనక రాతిమీద రెండు కళ్లు తేలి ఉన్నాయి. ఆ రాయే నేటి అమ్మవారు.

నేటికీ మాఘ అమావాస్య ముందురోజు ఇంటికొకరు చొప్పున ఇక్కడ కూర్చుని, సాయంత్రం దాకా మౌనంగా పక్షులను చూస్తారు. ఆ రోజు డప్పు మోగదు, టపాసు పేలదు. చివరి కొంగ గూటికి చేరాకే అమ్మవారికి నైవేద్యం. దూరాన ఉన్న తమవారు క్షేమంగా ఇల్లు చేరాలని కోరుకునేవారు వచ్చి ఆ వరుసలో కూర్చుంటారు. చోటు అడగనవసరం లేదు, పక్కవారు జరుగుతారు.